హంబన్‌టోట రేవు అప్పు 2017 తర్వాత ఎవరి పద్దులో ఉంది?

శ్రీలంక-చైనా సంబంధాల మీద ఎం.ఏ. సెమినార్ పేపర్ రాస్తూ ఒక్క దగ్గర ఆగిపోయానండీ. 2017 జులైలో హంబన్‌టోట రేవును చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థకు 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజుకిచ్చారు. "అప్పు కట్టలేక రేవు అప్పజెప్పారు" అని మన దగ్గర అందరూ అనే మాటే. కానీ ఆ సొమ్ము విదేశీ మారక నిల్వలకు వెళ్లిందనీ, రేవు కట్టడానికి చైనా ప్రభుత్వ బ్యాంకైన ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చిన అప్పు రద్దు కాలేదనీ పరిశోధకులు రాస్తున్నారు. నాకు ఇదే సబబుగా తోస్తోంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసేనాటికి చైనా అప్పుకన్నా అంతర్జాతీయ బాండ్ల భారమే ఎక్కువ కదా!

శ్రీలంక సెంట్రల్ బ్యాంకు 2017, 2018 వార్షిక నివేదికలు తిరగేశాను. లీజు సొమ్ము విదేశీ పెట్టుబడుల లెక్కలో ఉంది. రేవు అప్పు మాత్రం (2007లో 6.3 శాతం వడ్డీకి తెచ్చిన తొలి 30.7 కోట్ల డాలర్లతో సహా) విడిగా దొరకలేదు. వ్యాసాలను ఉదహరిస్తే మా గైడ్ ఒప్పుకోవడం లేదు, ప్రభుత్వ పత్రమే కావాలంటున్నారు.

లీజు తర్వాత ఈ అప్పును పోర్ట్స్ అథారిటీ (రేవులను చూసే ప్రభుత్వ సంస్థ) పద్దులో చూపారా, ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా) పద్దులోనా అన్నది శ్రీలంక ప్రభుత్వ పత్రాల్లో సరిగ్గా ఎందులో దొరుకుతుంది?