1894 నాటి పంపకాల కాగితంలో వేరే ఇంటిపేరున్న మూడో వాటాదారు ఎవరై ఉంటాడు?

డెల్టా_మనవడు:

అందరికీ నమస్కారం. మా తాతగారి తాత రైతు, తెనాలి తాలూకా. ఆయన పోయిన తర్వాత ఆస్తి పంచుకున్న కాగితం పెద్దనాన్న వాళ్ళ ట్రంకుపెట్టెలో బయటపడింది. రాణి బొమ్మ ఉన్న స్టాంపు కాగితాలు, అంతా గొలుసుకట్టు రాత. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు, ఊళ్ళో ఒకప్పటి కరణంగారి అబ్బాయి (ఇప్పుడు ఆయనకే ఎనభై దాటాయి) కూర్చుని చాలావరకు చదివి పెట్టారు.

తేదీ దగ్గర విజయ నామ సంవత్సరం, మాఘ మాసం, ఫసలీ 1303 అని ఉంది. జిల్లా కృష్ణా అని రాశారు, మాది గుంటూరు వైపు కదా, అది కూడా తేలడం లేదు.

అసలు సంగతికి వస్తే, భూమి మూడు సమాన వాటాలు చేశారు. రెండు వాటాలు కొడుకులవి, ఆ ఇద్దరూ మాకు తెలిసినవాళ్ళే. మూడో వాటా ఇంకొకాయనది. ఇంటిపేరు వేరు. కొడుకులతో సరిసమానంగా మాగాణి, మెట్ట, ఎడ్ల జత, గొడ్లసావిడిలో మూడో వంతు, ఆఖరికి గంగాళం, ఇత్తడి బిందెలు కూడా పంచారు. అప్పులు ఇచ్చినవాడయితే గంగాళం ఎందుకు తీసుకుంటాడు?

ఇంకో చోట ఒకామె పేరుంది. ఇద్దరు కొడుకుల భార్యల్లో ఎవరూ కాదు. ఆమెకి బతికున్నంతకాలం ఏటా పుట్టెడు ధాన్యం, చీరలు, పడమటి గదిలో ఉండే హక్కు, ఖర్చు ముగ్గురూ భరించాలి అని రాశారు. ఆ కిందే ఒక పిల్ల పెళ్ళి ఖర్చుకి 200 రూపాయలు ముందే తీసి పక్కన పెట్టారు. తర్వాత మూడు ప్రామిసరీ నోట్ల బాకీలు. అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నాయి, అవి కరణంగారి అబ్బాయికి కూడా సరిగ్గా అందలేదు.

మా ఇంట్లో చెప్పుకునే వంశవృక్షంలో ఆ మూడో మనిషి లేడు, ఆమె లేదు, ఆ పిల్లా లేదు. ఎవరికైనా ఇలాంటి కాగితాలతో అనుభవం ఉంటే చెప్పండి, ఇంట్లో అందరినీ అడిగేశాను.

రిటైరైన_రెవెన్యూ:

బాబూ, ముందు తేదీ తేల్చుకుందాం. ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జూలై 1న మొదలవుతుంది. అంటే 1303 ఫసలీ 1893 జూలై నుంచి 1894 జూన్ వరకు. విజయ 1893 ఉగాదికి వచ్చింది, మాఘం ఆ సంవత్సరం చివర్లో కాబట్టి 1894 మొదట్లో రాసిన కాగితం. 1953లో కూడా విజయే వచ్చింది కానీ రాణి బొమ్మ ఉందన్నారు కాబట్టి ఆ అనుమానం లేదు. ఫసలీ వేయకుండా వట్టి సంవత్సరం పేరు రాసిన కాగితాలతోనే అసలు తిప్పలు, అరవై ఏళ్ళు అటో ఇటో అయిపోతుంది.

కృష్ణా జిల్లా అన్నది కరెక్టే. 1859లో గుంటూరు జిల్లాను ఎత్తేసి పంచేశారు, మళ్ళీ 1904లో వేరే జిల్లా చేశారు. ఈ మధ్య కాలంలో తెనాలి, బాపట్ల వైపు కాగితాలన్నీ కృష్ణా జిల్లా పేరుతోనే ఉంటాయి. కాబట్టి మీరు ఎక్కడైనా వెతికించేటప్పుడు గుంటూరు అని మాత్రమే అడిగితే లేవనే సమాధానం వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కాగితం వెనక సబ్‌రిజిస్ట్రారు ముద్ర, నెంబరు, వాల్యూము, పేజీ ఉన్నాయేమో చూడండి. అప్పటికే వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని రాతపూర్వకంగా పంచుకుంటే రిజిస్టరు చేయించాలి. చేయించి ఉంటే బుక్ 1లో దాని నకలు ఉంటుంది. మనుషుల పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తికి ఒక ఇండెక్సు. ఆ పుస్తకం ఎవరైనా అడిగి చూడొచ్చు, ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. మీ కాగితంలో చినిగిన చోట్లు, చెదలు కొట్టిన చోట్లు ఆ నకల్లో బతికి ఉండవచ్చు. ముద్ర లేకపోతే కంగారు పడకండి, పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకుని, తర్వాత గుర్తుకోసం రాసుకున్న పట్టీలు బోలెడు.

సర్వే నెంబర్లు ఉంటే మాత్రం వాటిని ఇప్పటి అడంగల్‌తో నేరుగా పోల్చకండి. రీసెటిల్‌మెంటులో (భూమి శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు) నెంబర్లు మారాయి. డైగ్లాట్ రిజిస్టరు తీయించి పాత నెంబరుకి కొత్త నెంబరు చూసుకోవాలి. అందులో పట్టాదారు పేరు కూడా ఉంటుంది కాబట్టి ఆ మూడో ఆయన వాటా తర్వాత ఎవరి చేతికి పోయిందో కొంత తెలుస్తుంది.

సివిల్_కోర్టు_గుమ్మం:

మూడో ఆయన ఇల్లటం అల్లుడు అని నా గట్టి నమ్మకం.

మద్రాసు ప్రెసిడెన్సీలో రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఈ ఆచారం ఉండేది, హైకోర్టు కూడా ఒప్పుకుంది. కొడుకులు లేనప్పుడో, ఉన్నా మరీ చిన్నవాళ్ళయినప్పుడో కూతురిచ్చి ఒక కుర్రాణ్ణి ఇంటికి తెచ్చుకుంటారు. సేద్యం చూసుకున్నందుకు కొడుకుతో పాటు వాటా ఇస్తామని మాట. తర్వాత కొడుకులు పుట్టినా ఆ వాటా పోదు. దత్తత కాదు ఇది, అందుకే ఇంటిపేరు మారదు, పుట్టింట్లో తన హక్కు కూడా అలాగే ఉంటుంది. గంగాళంలో కూడా భాగం అడిగాడంటే ఇంటిమనిషి కిందే లెక్క.

దీన్నిబట్టి ఇంకోటి ఊహించుకోవచ్చు. ఆ ముసలాయనకి మొదట ఆడపిల్ల పుట్టి ఉండాలి, కొడుకులు చాలా ఆలస్యంగా పుట్టి ఉండాలి. వయసులు రాశారా? వాటాదారుల పేర్ల పక్కన "వయస్సు సుమారు" అని ఉంటే మూడో ఆయన మిగతా ఇద్దరికంటే బాగా పెద్దవాడై ఉండాలి.

ఇక ఆ ఆడమనిషి. నాకు ఈ కాగితంలో అన్నిటికంటే ఆసక్తిగా ఉన్నది ఆవిడే. జీవితాంతం ధాన్యం, చీరలు, గది, భూమి మాత్రం సెంటు లేదు, అంటే మనోవర్తి. భార్యల్లో ఎవరూ కాదంటున్నారు. ముసలాయన భార్య అయితే "మా తల్లి" అని రాసేవాళ్ళు. కాబట్టి పోయిన కొడుకు భార్య అయి ఉండాలి. ఉమ్మడి కుటుంబంలో కొడుకు మగపిల్లలు లేకుండా పోతే, అతని వాటా మిగతావాళ్ళలో కలిసిపోయేది, భార్యకి తిండీ బట్టా తప్ప ఆస్తిలో వాటా లేదు. 1937 చట్టం వచ్చేదాకా అంతే, అదీ బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే, పూర్తి హక్కు 1956లో వచ్చింది. అంటే మీ వంశవృక్షంలో ఒక కొడుకు మొత్తానికే మాయమయ్యాడు. వాటాల పట్టీలో అతను ఉండడు, చట్టం ప్రకారం ఉండక్కర్లేదు కూడా. భార్యకిచ్చిన ధాన్యం దగ్గరే దొరుకుతాడు.

మీ దగ్గర ఆమె పేరు ముందు ఏం రాశారో అక్షరం అక్షరం చదివించండి. ఆ పెళ్ళికావాల్సిన పిల్ల ఎవరి కూతురో కూడా. ముసలాయన కూతురని మీరు అనుకుంటున్నట్టున్నారు, అక్కర్లేదు. పోయినవాడి కూతురైనా పెళ్ళి ఖర్చు ఉమ్మడి ఆస్తిలోంచే తీయాలి.

నమ్మని_నరసయ్య:

లాయరు గారూ, మీరు బాగా చెప్పారు కానీ ఇంటిపేరు వేరు కాగానే ఇల్లటం అనేయడం తొందర. ఆ ముసలాయన కూతురి కొడుకుని చిన్నప్పుడే తెచ్చి పెంచుకుని ఉండొచ్చు, తల్లి పోతే అమ్మమ్మగారింట్లో పెరిగిన పిల్లలు ఎంతమంది లేరు? దౌహిత్రుడికి కూడా ఇంటిపేరు వేరేగానే ఉంటుంది. లేదా ఆ ముసలాయనే వయసులో ఉండగా స్వార్జితం (తాను సంపాదించిన ఆస్తి) నుంచి ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు, స్వార్జితం ఆయన ఇష్టం. పిత్రార్జితంలోంచి అలా ఇవ్వడం కుదరదు, కొడుకులకి పుట్టుకతోనే హక్కు.

కాబట్టి చూడాల్సింది అది. మూడో వాటాలో పిత్రార్జితం కూడా ఉందా, లేక కొన్న భూములే ఉన్నాయా? ఇంకొక పరీక్ష కూడా ఉంది, కాగితాలు అక్కర్లేదు. ఆ ఇంటిపేరు వాళ్ళు ఊళ్ళో ఉంటే మీకు ఏ వరస అవుతారు? పెళ్ళిళ్ళు జరిగాయా?

డెల్టా_మనవడు:

నరసయ్య గారూ, మంచి ప్రశ్న. ఆ ఇంటిపేరు వాళ్ళు మా ఊళ్ళో రెండిళ్ళు ఉన్నారు, మా తాతయ్య వాళ్ళని బావా అని పిలిచేవాడు, ఆయన అక్కని వాళ్ళింటికే ఇచ్చారు. ఎందుకు బావ వరసో ఎవరూ చెప్పలేదు, ఎప్పట్నుంచో అంతే అనేవాళ్ళు. మూడో వాటాలో "పిత్రార్జిత మాగాణి" అన్న మాట స్పష్టంగా ఉంది. వయసులు కూడా ఉన్నాయి. ఆయనకి 52, మా పెద్దాయనకి 31, చిన్నాయనకి 27.

ఆ ఆడమనిషి లైను మళ్ళీ ఫోటో తీసి పెద్దది చేసి పంపాను, కరణంగారి అబ్బాయి చదివి ఫోన్ చేశారు. "కాలగతి నొందిన మా అన్న గారి భార్య" అని ఉందట. పెళ్ళి ఖర్చు దగ్గర "సదరు ఆమె కుమార్తె". లాయరు గారు చెప్పినట్టే. అన్నగారి పేరు మాత్రం కాగితం మడత మీద పడింది, చిరిగిపోయింది.

నమ్మని_నరసయ్య:

అయితే ఇల్లటమే. 52 ఏళ్ళవాడు ఆ రోజుల్లో దౌహిత్రుడు కావడం కష్టం, పిత్రార్జితం కూడా దక్కింది, పైగా బావ వరస. ఒప్పుకున్నాను.

లెక్కల_పిచ్చి:

గీతల సంగతి నేను చెప్తాను, దీనికి ఎవరూ రాలేదు.

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగుతోనే నడుస్తాయి. నిలువు గీతలు కాలు, అర, ముక్కాలు (ఒకటి, రెండు, మూడు గీతలు). ఆ తర్వాత వచ్చే అడ్డ గీతలు పదహారో వంతులు, అంటే వీసాలు. అణాలకి ఇది అచ్చంగా సరిపోతుంది, రూపాయికి పదహారణాలు కదా. ఒక నిలువు గీత, రెండు అడ్డ గీతలు ఉంటే నాలుగణాలు, రెండణాలు కలిపి ఆరణాలు. ధాన్యం లెక్కకి వచ్చేసరికి మాత్రం జాగ్రత్త, పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు, అక్కడ గీత దేనికి భాగమో ముందు చూసుకోవాలి. ఈ గుర్తులకి యూనికోడ్‌లో కూడా చోటుంది, టైపు చేసి దాచుకోవచ్చు.

బాకీల గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళ గడువు, దాటితే కోర్టులో చెల్లదు, అందుకని గడువు తీరేలోపు తిరగరాసేవాళ్ళు. కాబట్టి నోటు మీద 1892 ఉంటే అప్పు అప్పుడే పుట్టిందని అనుకోవద్దు, దానికి పదేళ్ళ వెనక చరిత్ర ఉండొచ్చు. అసలు, వడ్డీ విడివిడిగా రాశారా, కలిపి రాశారా చూడండి. నోటు మీద దస్కతు ఎవరిదో కూడా. తండ్రి రాసిన అప్పు కొడుకుల మీద పడేది, అది ధర్మశాస్త్రం నుంచి వచ్చిన బాధ్యత, కోర్టులు కూడా అమలు చేసేవి. ఇల్లటం అల్లుడు దాంట్లో మూడో వంతు నెత్తినేసుకున్నాడా, తప్పించుకున్నాడా? అది తెలిస్తే ఇంట్లో ఆయన స్థానం ఏమిటో వాటా కంటే బాగా తెలుస్తుంది.

భూముల్లో మాగాణి ఎంత, మెట్ట ఎంత అన్నది కూడా రాసుకోండి. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. అల్లుడికే 52 అంటే ముసలాయన 1832–33 నాటి డొక్కల కరువుకి పిల్లవాడో కుర్రవాడో అయి ఉంటాడు. కాలవ నీళ్ళు ఎరగని రోజుల్లో పెరిగి, నీళ్ళొచ్చాక మెట్టని మాగాణి చేసుకున్న తరం. అలాంటప్పుడు మనుషులు కావాలి, కొడుకులేమో ఇంకా పుట్టనే లేదు. అల్లుణ్ణి ఎందుకు తెచ్చుకున్నాడంటే నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. (ఇది నా ఊహ, కాగితంలో ఉండదు.)

రిటైరైన_రెవెన్యూ:

పోయిన అన్నగారి పేరు కోసం: బుక్ 1 నకల్లో మడత ఉండదు కదా, అక్కడ దొరకాలి. ఆ పిల్ల పెళ్ళి తర్వాత ఎప్పుడైనా పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చి ఉంటే అది కూడా అదే పుస్తకంలో ఉంటుంది, 1894 నుంచి ఓ పదేళ్ళ ఇండెక్సు చూడండి. ఆడపిల్ల పేరు పక్కన భర్త పేరు, ఊరు రాస్తారు. ఆమె తల్లి పేరు మీద కూడా చూడండి, మనోవర్తి ఇవ్వకపోతే మున్సిఫ్ కోర్టులో దావా వేసినవాళ్ళు తక్కువేమీ కాదు, దావా కాగితాలు పోయినా డిక్రీ ఉండే అవకాశం ఉంది.

డెల్టా_మనవడు:

వెనక ముద్ర ఉందండీ, నెంబరు చదవగలుగుతున్నాను, వాల్యూము సగం చెరిగింది. నకలుకి అర్జీ పెడతాను. బాకీల విషయం: మూడు నోట్లలో రెండు "ముగ్గురమూ సమానముగా" అని ఉంది, మూడోది కొడుకులిద్దరి మీదే. ఆ మూడో నోటు చనిపోయిన అన్నగారి దస్కతుతో ఉందట. లాయరు గారూ, తండ్రి బతికుండగా కొడుకు విడిగా అప్పు చేయడం మామూలేనా, లేక ఏదైనా గొడవ ఉండి ఉంటుందా?

సివిల్_కోర్టు_గుమ్మం:

తన సొంతానికి చేసిన అప్పయితే, అతను పోయాక తమ్ముళ్ళు కట్టక్కర్లేదు. అయినా కట్టడానికి ఒప్పుకున్నారంటే అప్పు ఇంటి అవసరానికి చేసింది అయి ఉండాలి, లేకపోతే అప్పటికే డిక్రీ అయిపోయి ఆస్తి జప్తులో ఉండాలి. రెండోదయితే కాగితంలో దావా నెంబరు ఉంటుంది, "ఒరిజినల్ సూట్" అన్న మాట తెలుగు అక్షరాల్లోనే రాస్తారు. ఆ పేరా ఫోటో ఇక్కడ పెట్టండి, అవతలివాళ్ళ పేర్లు కనపడకుండా చూసుకుని.