కట్టాను, కట్టను: ఎగిరిపోయిన దీర్ఘం

భాషా మిత్రులకు నమస్కారం. ఎవరైనా 'అర్ధం కాలేదు' అని రాయగానే థకారం గురించి పాఠం మొదలుపెట్టడం మనకు అలవాటు. కంటికి గుచ్చుకునే మాట నిజమే, కానీ ఆ వాక్యం అందనివాళ్లు ఎవరూ ఉండరు. 'కళ్యాణం', 'కల్యాణం' గొడవా అంతే. నా భయమల్లా తప్పులా కనిపించని తప్పుల గురించే.

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకాయన 'ఈ నెల మెయింటెనెన్స్ కట్టను' అని పెట్టారు. కట్టానని చెప్పడం ఆయన ఉద్దేశం. లిఫ్ట్ రిపేరు మీద అప్పటికే రగడ నడుస్తోంది. ఇంకేం, 'ఎందుకు కట్టరండీ?' అని సెక్రటరీ గారు అందుకున్నారు. పొద్దుపోయేదాకా మెసేజీల మీద మెసేజీలు.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు చాలామంది దీర్ఘానికి రెండో 'ఎ' కొట్టరు. ఫోను ముందు ఏది చూపిస్తే దాన్ని నొక్కేస్తారు. వచ్చిందీ తెలుగు మాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అన్ని క్రియలకూ ఈ ముప్పు లేదు. వచ్చాను-రాను, ఇచ్చాను-ఇవ్వను, చేశాను-చేయను దేనికది వేరుగా ఉంటాయి. పంపు, చెప్పు, అమ్ము, నమ్ము, ఎక్కు, దిగు, వీటితోనే చిక్కు. 'అమీర్‌పేటలో దిగాను' అనబోయి 'దిగను' అని పెడితే మెట్రో స్టేషన్ బయట ఎదురుచూసేవాడు ఏం కావాలి?

కరీంనగర్ సభ్యుడు: అన్నా, ఈ తిప్పలు మీ కోస్తా వాళ్లకే. మా దిక్కు 'నేను కట్టిన', 'పంపిన', 'దిగిన' అంటం. దీర్ఘమే లేదు, ఇగ ఎగిరిపోయేదేంది?

చర్చ పెట్టినవారు: భలే పట్టుకున్నావు తమ్ముడూ! కానీ బళ్లో మీకూ 'కట్టాను' అనే దిద్దించారు కదా.

కరీంనగర్ సభ్యుడు: దిద్దిచ్చిన్రు. ఫోన్ల మాత్రం మాది మాకే.

ఒక సభ్యురాలు: మాస్టారూ, మరి 'ఆయన', 'వాళ్లు' సంగతేమిటి?

చర్చ పెట్టినవారు: అక్కడా అదే తంటా అమ్మా. కట్టాడు-కట్టడు, కట్టారు-కట్టరు. తెలంగాణలో కట్టిండు, కట్టిన్రు కాబట్టి మళ్లీ వాళ్లే గట్టెక్కారు. డబ్బు విషయమైతే నేను 'కట్టేశాను' అని రాయమంటాను. దీర్ఘం పోతే 'కట్టేశను' అవుతుంది. చూడగానే తప్పని తెలుస్తుంది, అర్థం మాత్రం తిరగబడదు.