పొమ్మనుటే చావా? పొమ్మనుటే చాలా?

ఆమదాలవలస:
హత్యలు, హింస నివారణ గురించి మా కాలేజీలో మాట్లాడమన్నారు. వేమన పద్యంతో మొదలుపెడదామనుకుంటే మూడో పాదం దగ్గర ఆగిపోయాను. "చంపదగినయట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు సేయరాదు" వరకు సరే. తర్వాత "పొసగ మేలుచేసి పొమ్మనుటె చావు" అని నోటికొస్తోంది. ఇంట్లో పుస్తకంలో మాత్రం "చాలు" అని ఉంది. ఏది సరైన పాఠం?

బొబ్బిలి:
చావే. ముందు ఆ "టె" సరిచేసుకోండి బాబూ, "పొమ్మనుటే". పొమ్మను భగణం (UII), టేచావు తగణం (UUI). హ్రస్వమైతే ఇక్కడ పనికిరాని జగణం (IUI) వచ్చి ఈ పద్యపు ఛందస్సు, ఆటవెలది, చెడిపోతుంది.

టెక్కలి:
మాస్టారూ, టేచాలు కూడా తగణమే కదండీ. యతి పొ, పొ దగ్గరే తీరిపోయింది. ఛందస్సు దీర్ఘాన్ని నిలబెడుతుంది గానీ వు, లు మధ్య తీర్పు చెప్పదు.

బొబ్బిలి:
వ్యాకరణం చెబుతుంది. ఆ ఏకారం అవధారణకే. వాడికి అదే చావు అని నొక్కడం. చాలు అనదలిస్తే "పొమ్మనుట చాలు" అనేవాడు.

టెక్కలి:
"పొమ్మనుట చాలు" అంటే టచాలు జగణం అవుతుంది, ఇప్పుడే మీరు వద్దన్నది. పైగా "అదే చాలు" అని రోజూ అంటూనే ఉన్నాం.

చీపురుపల్లి:
బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసేనాటికే ఒక్కో పద్యం ప్రతికో రకంగా ఉండేది. ఆయన తేల్చలేనిది మనం తేలుస్తామా? జనం ఏమన్నారో అదే పాఠం. మా అమ్మమ్మ చావు అనేది.

పాలకొండ:
అందరూ అక్షరం దగ్గరే ఉన్నారు. నేను నేరశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి అర్థం వైపు నుంచి వస్తాను. "చావు" అంటే మేలు చేసి శత్రువును సిగ్గుతో చంపడం. మసాచుసెట్స్ జైళ్లలో ఏళ్ల తరబడి హంతకులతో మాట్లాడిన మానసిక వైద్యుడు జేమ్స్ గిల్లిగన్ తేల్చింది దీనికి ఎదురు. చాలా హింసకు మూలం అవమానమే, పోయిన పరువు కోసమే మనిషి కత్తి పడతాడు అంటాడు. అలా చూస్తే "చావు" పాఠం పగను ఆపదు, వాయిదా వేస్తుంది. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే అంటువ్యాధుల వైద్యుడు 2000లో మొదలుపెట్టిన పని చూడండి. కాల్పులు జరగ్గానే, ఒకప్పుడు ఆ ముఠాల్లోనే తిరిగినవాళ్లు బాధితుడి స్నేహితుల దగ్గరికి వెళ్లి కూర్చుంటారు. క్షమించమని అడగరు. ఈ రాత్రికి వెళ్లొద్దు అంటారు, అంతే. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు, నిజమే. కానీ ఆ మాట "చాలు"కే దగ్గర.

సాలూరు:
అమ్మా, సిగ్గులన్నీ ఒకటి కావు. నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వైట్ 1989లోనే విడదీశాడు. ముద్రవేసి వెలివేసే సిగ్గు నేరం పెంచుతుంది, తప్పు చెప్పి మళ్లీ మనలో కలుపుకునే సిగ్గు తగ్గిస్తుంది. ఈ పద్యంలో ఆ కీలకం "పొసగ" దగ్గర ఉంది. "వాళ్లిద్దరికీ పొసగదు" అంటాం కదా, ఆ పొసగడమే. పొత్తు కుదిరేలా మేలు చేయమన్నాడు. నలభై ఏళ్లుగా ఇదే నా వాదన, ఎవరూ పట్టించుకోలేదు.

బొబ్బిలి:
పొసగ అంటే తగినట్టుగా అని మాత్రమే. పొత్తు అక్కడ లేదు. పొత్తు కుదిరితే "పొమ్మని" ఎందుకు పంపిస్తాడు?

రాజాం:
బొబ్బిలివారే ఇది అడగాలి. 1757 జనవరి 24న కోట పడింది. కొద్ది రాత్రుల్లోనే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి, విజయనగరం రాజు విజయరామరాజును పొడిచాడు. బుర్రకథల్లో మనం చప్పట్లు కొట్టేది ఆ ఘట్టానికే. మా ఊళ్లో పెరిగిన పిల్లలకు పాపారాయుడే వీరుడు, నాకూ అంతే. అయినా ఆ కథలో చాలు అన్నవాడు ఒక్కడూ కనిపించడు.

పార్వతీపురం:
మీరందరూ మూడో పాదంలో ఉన్నారు, గొడవంతా మొదటి పాదంలో ఉంది. "చంపదగిన" అని ఎవరు తేలుస్తారు? 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల తూటాలకు చనిపోయారు. కోర్టు నిందితులను వదిలేసింది. ఆ తర్వాత ఈ కొండల్లో నక్సలైట్ల నోట వర్గశత్రు నిర్మూలన అనే మాట వినబడింది, పోలీసుల నోట ఎన్‌కౌంటర్ అనే మాటా వినబడింది. రెండువైపులా "తగిన" అనే మాటే పనిచేసింది. ఉగ్రవాదం మీద చట్టాలు చేసేవాళ్లు చదవాల్సింది ఈ పాదం.

విజయనగరం:
శత్రువు అనేసరికి అందరి దృష్టీ ఉగ్రవాదం మీదికి పోతుంది. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2017లో ప్రపంచమంతా హత్యలకు బలైనవాళ్లు దాదాపు 4,64,000 మంది, ఉగ్రవాదానికి 26,000. మన దేశంలో 2022 హత్య కేసులు 28,522, అందులో 9,962 వెనక ఉన్నది తగాదాలే. పగ 3,761. అంటే చంపేది శత్రువు కాదు, గట్టు అవతలివాడు. అందుకే నాకు వేమన కంటే గురజాడ దగ్గర. "సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్". గట్టు తగాదాలో ఇంతకంటే పనికొచ్చే సలహా ఏ కమిషనూ ఇవ్వలేదు. అంతా మానుకో అనలేదు మహానుభావుడు, కొంత అన్నాడు.

టెక్కలి:
ఆ "కొంత" లాభానికి విశేషణమా, మానుకోడానికా? "కొంత లాభం" అనకుండా "లాభం కొంత" అన్నాడు.

బొబ్బిలి:
మానుకోడానికే.

సాలూరు:
లాభానికే. ముత్యాల సరం ఛందస్సు నడక కోసం వెనక్కి జరిగింది.