లినక్స్‌లో ఆట మొదలవకుండానే మూసుకుపోతోంది, దారి చూపగలరా?

నెల క్రితం నా కంప్యూటర్‌లో విండోస్ తీసేసి ఉబుంటు అనే లినక్స్ వేసుకున్నాను. విండోస్ ఆటలను స్టీమ్ అనే ఆటల యాప్‌లో, వాటిని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే సాధనం సాయంతో ఆడుతున్నాను. 2018లో వచ్చిన ఈ ప్రోటాన్‌కు మూలం 1993లో మొదలైన, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అని తెలిశాక, ఇన్నేళ్లు దీని మీద పనిచేసినవాళ్లంటే ఎంతో గౌరవం కలిగింది. మళ్లీ విండోస్‌కు వెళ్లాలని లేదు, అందుకే అడుగుతున్నాను.

నా ఆటలన్నీ పాత ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన) డిస్కులో ఉన్నాయి, దాదాపు 400 జీబీ. అక్కడున్న ఏ ఆటకైనా 'ఆడు' నొక్కితే ఆ మీట 'ఆపు'గా మారుతుంది, నాలుగైదు సెకన్లకు మళ్లీ 'ఆడు' అవుతుంది. తెర మీద ఒక్క సందేశమూ రాదు. అదే ఆటను ఎక్స్ట్4 (లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన) డిస్కులోకి మారిస్తే చక్కగా తెరుచుకుంటోంది!

ప్రోటాన్ ప్రతి ఆటకూ 'కంపాట్‌డేటా' ఫోల్డరులో 'సి:' వంటి పేర్లతో లింకులు (వేరే ఫోల్డరుకు దారి చూపే గుర్తులు) పెడుతుందనీ, విండోస్ ఫైలు పేర్లలో కోలన్ చెల్లదనీ చదివాను. నా అనుమానం దాని మీదే. ఆ ఒక్క ఫోల్డరును ఎక్స్ట్4లో ఉంచి, పాత చోట లింకు పెడితే సరిపోతుందా? లేక డిస్కు మొత్తం ఫార్మాట్ చేయక తప్పదా? అన్నీ మళ్లీ దింపుకోవాలంటే నా నెట్ వేగానికి రోజులు పడుతుంది.

ఇంకొకటి. తెరుచుకున్న ఆటలో కొత్త గదిలోకి అడుగుపెట్టగానే బొమ్మ అర సెకను బిగుసుకుపోతుంది. రెండోసారి అదే గదికి వెళ్తే ఏమీ ఉండదు. షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవడం వల్లేనా? స్టీమ్‌లో షేడర్లను ముందే సిద్ధం చేసే అమరిక ఆన్‌లోనే ఉంది. ఇలాంటిది సరిచేసుకున్నవారు ఏం చేశారో వివరంగా చెప్పండి.