ఉరిశిక్ష కేసుల్లో డిఫెన్స్ వైపు ఇంటర్న్‌షిప్: ఎక్కడ, ఎలా, ఏం పని ఉంటుంది?

నాలుగో_ఏడాది_విశాఖ:
ఐదేళ్ల లా కోర్సులో నాలుగో ఏడాది చదువుతున్నాను. వచ్చే వేసవిలో నాలుగు వారాలు మరణశిక్ష పడిన ఖైదీల తరఫున పనిచేసే లాయర్ల దగ్గర ఇంటర్న్‌గా చేరాలనుంది. ఎవరికి రాయాలి? అక్కడ విద్యార్థికి ఇచ్చే అసలు పనేమిటి? జైలుకు వెళ్లనిస్తారా? తెలుగు, ఇంగ్లిష్ బాగా వచ్చు, హిందీ అంతంతమాత్రం. కోర్టు హాల్లో వెనక కూర్చుని చూసి రావడం నాకు చాలదు. తెలిసినవారు చెప్పగలరు.

హైకోర్టు_క్రిమినల్:
ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో మరణశిక్ష కేసుల మీద పనిచేసిన బృందం ఇప్పుడు హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌గా నడుస్తోంది. ముందు అక్కడికి రాయండి. పోటీ గట్టిగానే ఉంటుంది, రాకపోతే ఆగిపోకండి. సెషన్స్ కోర్టు ఉరి వేసిన ప్రతి కేసూ కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 407 (పాత సీఆర్‌పీసీ 366) కింద ఖరారు కోసం హైకోర్టుకు రావాల్సిందే. మన దగ్గర దానికి ఆర్.టి. నంబరు పడుతుంది, అంటే రిఫర్డ్ ట్రయల్. అందులో ఖైదీ తరఫున హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ లాయర్‌ను పెట్టి ఉంటే, ఆయనకు చేతికింద మనుషులు ఉండరు, ఫైలు మాత్రం వేల పేజీలు. అమరావతిలో గానీ హైదరాబాద్‌లో గానీ అలాంటి లాయర్‌ను వెతికి నేరుగా ఉత్తరం రాయండి.

దరఖాస్తుతో పాటు మరణశిక్ష మంచిదా చెడ్డదా అన్న వ్యాసం పంపకండి, అది ఎవరూ చదవరు. ఒక సెషన్స్ తీర్పు తీసుకుని శిక్ష భాగాన్ని మాత్రం రెండు పేజీల్లో విప్పండి. దోషి అని తేల్చింది ఏ తేదీన, శిక్ష వేసింది ఏ తేదీన, మధ్యలో డిఫెన్స్‌కు ఎంత గడువు దొరికింది, నిందితుడు మారే అవకాశం లేదనడానికి ప్రాసిక్యూషన్ ఏ ఆధారం చూపింది. చాలా తీర్పుల్లో ఈ చివరి ప్రశ్నకు జవాబే కనపడదు. అది పట్టుకున్న విద్యార్థిని ఎవరైనా పిలుస్తారు.

రాకముందు మరణశిక్ష మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1980 నాటి బచన్ సింగ్, 2022 నాటి మనోజ్ తీర్పులు పైనుండే సారాంశం (హెడ్‌నోట్) కాకుండా పూర్తిగా చదవండి. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఐదేళ్ల కోర్సుకు మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ కావాలి, ఒక ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలు దాటకూడదు. కాబట్టి మీ లెక్క సరిపోయింది.

మిటిగేషన్_పని:
అసలు పని గురించి నేను చెప్తాను. నేరం రుజువైందా లేదా అన్నది ఒక భాగం. ఈ మనిషిని చంపాల్సినంత దారి మూసుకుపోయిందా అన్నది రెండోది. దాని మీద వినడానికే బీఎన్‌ఎస్‌ఎస్ 258(2), పాత 235(2), ఉంది. సెషన్స్ కోర్టుల్లో ఈ విచారణ ‘పేదవాడు, ముసలి తల్లి ఉంది, కనికరించండి’ అనే రెండు వాక్యాలతో ముగిసిపోతుంటుంది. బాల్యం, చదువు, ఇంట్లో హింస, జబ్బులు, జైల్లో నడవడి, మానసిక పరీక్ష ఇవన్నీ ట్రయల్ దశలోనే కోర్టు ముందుకు రావాలని మనోజ్ తీర్పు చెప్పింది. వాటికి కాగితం సంపాదించడమే ఇంటర్న్ పని.

ఒక పట్టిక పెట్టుకోండి: ఏడాది, ఆ ఏడు అతని వయసు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఏ కాగితం ఉంది. ఉదాహరణకు ‘ఏడో తరగతిలో బడి మానేశాడు’ అని అన్న చెప్తాడు. హాజరు పట్టీలో జులై నుంచి గైర్హాజరు అని ఉంటుంది. అదే జూన్‌లో తలకు దెబ్బ తగిలినట్టు ప్రభుత్వాసుపత్రి కేస్ షీటు దొరికితే, అప్పుడది సైకియాట్రిస్టు చేతిలో పెట్టదగ్గ విషయం అవుతుంది. కాగితం లేని గడి ఎదురైతే ఖాళీగానే వదిలేయండి. ఊహించి నింపితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొత్తం పట్టిక కూలిపోతుంది.

వయసు మీద ప్రత్యేకంగా కన్నేయండి. నేరం నాటికి 18 నిండలేదన్న వాదన జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 9(2) కింద కేసు పూర్తయిపోయాక కూడా ఎత్తవచ్చు. సెక్షన్ 94లో వరుస ఉంది: ముందు బడి లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. పుణె హత్యల కేసులో ఉరి పడిన నిరాణారామ్‌కు నేరం నాటికి పన్నెండేళ్లేనని రాజస్థాన్ బడి రిజిస్టరు బట్టి తేలి, 2023 మార్చిలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. అప్పటికి 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. కేసు కాగితాల్లో అతని పేరు నారాయణ్ అని పడింది.

మన ఊళ్లలోనూ ఇదే చిక్కు. బడిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒకటి, చార్జిషీటులో ఇంకోటి. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిపి చూసుకోవాలి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే నమ్మకండి. స్టడీ సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయకుండా అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేజీ, దాని ముందూ వెనకా పేజీలు కూడా నకలు అడగండి. కొట్టివేతలు, వరుస నంబర్లు అక్కడే బయటపడతాయి. అడగడానికి ఖైదీ సంతకం చేసి, సూపరింటెండెంట్ ధ్రువీకరించిన అనుమతి పత్రం కావాలి. మొదటి వారంలోనే అది తెప్పించకపోతే మిగతా మూడు వారాలూ వృథా.

నాలుగో_ఏడాది_విశాఖ:
చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. కుటుంబంతో మాట్లాడేటప్పుడు నేరం గురించి అడగొచ్చా? నేను రాసుకున్న నోట్సు ప్రాసిక్యూషన్ చేతికి పోతే?

మిటిగేషన్_పని:
మొదటి భేటీలో నేరం ఊసెత్తకండి. లాయర్ చెప్తే తప్ప తర్వాత కూడా వద్దు. ‘మీవాడు ఎలాంటివాడు’ అని అడిగితే ‘బంగారం లాంటి బిడ్డ’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. వలసకు ఏ నెలలో వెళ్లేవారు, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉండేవారు, రాత్రి ఎక్కడ పడుకునేవారు, జ్వరమొస్తే ఎవరికి చూపించేవారు అని అడగండి. పాలమూరు, శ్రీకాకుళం వలస కుటుంబాల్లో ఈ ప్రశ్నలకే అసలు జీవితం బయటికొస్తుంది. తల్లి చెప్పేటప్పుడు అన్నదమ్ముల్ని పక్కన కూర్చోబెట్టకండి. ఇంట్లో హింస జరిగి ఉంటే అందరి ముందూ చెప్పదు. శిక్ష తగ్గుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వొద్దు.

హైకోర్టు_క్రిమినల్:
నోట్సు సంగతి. కక్షిదారు చెప్పింది బయటపెట్టకూడదనే నియమం, అంటే కొత్త సాక్ష్య చట్టం భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 (పాత 126, 127), లాయర్‌తో పాటు ఆయన అనువాదకులకు, గుమాస్తాలకు, ఉద్యోగులకు వర్తిస్తుంది. ఇంటర్న్ అన్న మాట అందులో లేదు. అందుకే ఫలానా కేసులో నా కింద పనిచేస్తున్నారని లాయర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. జైలు ములాఖత్‌కు కూడా ఆయనతోనే, అనుమతితోనే వెళ్లండి. నోట్సు వాట్సాప్‌లో తిప్పొద్దు. ఇరుగుపొరుగు దగ్గర సంతకాలతో వాంగ్మూలాలు తీసుకోవద్దు.

మీ తెలుగు ఇక్కడ పెద్ద ఆస్తి. పోలీసు స్టేట్‌మెంట్లు, పంచనామాలు, సాక్షులు కోర్టులో చెప్పిన డిపోజిషన్లు తెలుగులో ఉండి, వాదన ఇంగ్లిష్‌లో సాగుతుంది. అనువదించేటప్పుడు పేజీ, పంక్తి నంబర్లు తప్పకుండా వేయండి, సాక్షి తడబాటును సర్ది నున్నగా చేయకండి. స్టేట్‌మెంట్ ఒక పక్క, కోర్టులో చెప్పింది ఇంకో పక్క పెట్టి తేడాలు రాయండి. ఎఫ్‌ఐఆర్ నమోదైన గంట, మేజిస్ట్రేట్‌కు చేరిన గంట విడిగా నోట్ చేయండి.

గడువులు నోటికి రావాలి. హైకోర్టులో అప్పీలుకు 30 రోజులు. సుప్రీంకోర్టులో అప్పీలు కొట్టేశారని జైలు సూపరింటెండెంట్ ఖైదీకి తెలిపిన నాటి నుంచి క్షమాభిక్షకు 30 రోజులు, గవర్నర్ కాదన్నాక రాష్ట్రపతికి 60 రోజులు, ఇది బీఎన్‌ఎస్‌ఎస్ 472. ఆ దశలోనూ ఇవే కాగితాలు పనికొస్తాయి. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఉరి పడిన ఇద్దరికీ క్షమాభిక్ష ఒకసారి తిరస్కరించాక, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు.

వెళ్లిపోయే రోజున ఏ ఆఫీసుకు ఏ తేదీన దరఖాస్తు పెట్టారు, రసీదు నంబరెంత, మళ్లీ ఎప్పుడు అడగాలి అన్న కాగితం ఫైలు పైన కట్టి వెళ్లండి. తర్వాత వచ్చే ఇంటర్న్ మొదట చూసేది అదే.