ఐఎల్ట్స్ కోసం 3,000 పదాలు బట్టీ పట్టాలా?

మౌలాలి నర్సు:
నమస్కారం. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఎల్ట్స్ అనే ఇంగ్లిషు పరీక్షలో రైటింగ్‌కు 6.5, మిగతా మూడింటిలో (రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్) 7 చొప్పున రావాలి. మొదటిసారి రాసినప్పుడు ఆ మూడూ దాటాను, రైటింగ్‌లో 6 దగ్గర ఆగిపోయాను. అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరితే 3,000 పదాల పుస్తకం చేతిలో పెట్టి, రోజుకు 50 కంఠస్థం చేయమన్నారు. పన్నెండు రోజులు చేశాను. మొదటి రోజు పదాలు ఇవాళ అడిగితే సగం కూడా చెప్పలేను. పరీక్షకు ఏడు వారాలుంది. ఇదే వేగంతో వెళితే పుస్తకం సరిగ్గా పరీక్ష నాటికి పూర్తవుతుంది. కొనసాగించాలా, వదిలేయాలా?

చిక్కడపల్లి పాఠకుడు:
వదలకండి. పదాలు లేకుండా వ్యాసం దేనితో రాస్తారు? నేను చిక్కడపల్లి గ్రంథాలయంలో నాలుగు నెలలు కూర్చుని బట్టీ పట్టే 7.5 తెచ్చుకున్నాను. చిన్నప్పుడు ఎక్కాలు అర్థమయ్యాక నేర్చుకున్నామా? ముందు నోటికి వచ్చాయి, తర్వాత లెక్కల్లో పనికొచ్చాయి. పదాలూ అంతే.

పాత జీఆర్‌ఈ అభ్యర్థి:
ఆ పుస్తకంలో ‘లకానిక్’, ‘అబ్‌స్ట్రూస్’ వంటి అరుదైన పదాలు ఉంటే అది మీ పరీక్ష కోసం తయారైనది కాదు. అమెరికాలో పీజీ చదువుకు రాసే జీఆర్‌ఈలో వ్యతిరేకపదాల ప్రశ్నలు ఉన్న కాలంలో మేమూ అవే బట్టీ పట్టేవాళ్ళం. ఆ ప్రశ్నలను 2011 ఆగస్టులో తీసేశారు. జాబితాయే కావాలంటే న్యూజిలాండ్‌కు చెందిన భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించినది చూడండి. 570 పద కుటుంబాలే (ఒక మూల పదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) ఉంటాయి. విద్యాసంబంధ గ్రంథాల్లో దాదాపు ప్రతి పది పదాల్లో ఒకటి వాటిలోదే.

తార్నాక టీచర్:
ఎక్కాల పోలికను నేను ఒప్పుకోలేను. ఏడెనిమిదులు ఎక్కడైనా యాభై ఆరే. పదం అలా కాదు, పక్కన ఏ పదం ఉందో దాన్ని బట్టి కుదురుతుంది, లేదా చెడుతుంది. తెలుగులో హోంవర్కూ చేస్తాం, తప్పూ చేస్తాం. ఇంగ్లిషులో హోంవర్కుకు ‘డూ’, తప్పుకు ‘మేక్’. మనం పెద్ద వాన అంటాం, వాళ్ళకు వాన ‘హెవీ’. ఎడమవైపు పదం, కుడివైపు అర్థం ఉండే పుస్తకంలో ఈ జతలు ఎక్కడ దొరుకుతాయి?

నా విద్యార్థి ఒకరు ‘ప్లెథోరా’ అంటే చాలా ఎక్కువ అని బట్టీ పట్టి, మూసీ మీద వ్యాసంలో కాలుష్యం పక్కన దాన్ని పెట్టారు. లెక్కపెట్టగలిగే వాటికి వాడే మాటను లెక్కకందని దానికి తగిలించారు. అర్థం తెలుసు, వాడుక తెలియదు. ఎంత కష్టపడి నేర్చుకున్నారో తెలిసి నాకు బాధ కలిగింది.

రైటింగ్ మార్కుల్లో పదసంపద వాటా నాలుగో వంతు. అరుదైన పదాలకు విలువ ఉంది, కానీ పక్క పదంతో కుదిరినప్పుడే. మిగతా మూడు వంతులు ప్రశ్నకు సరైన జవాబు, పొందిక, వ్యాకరణం. ముందు మీరు రాసిన వ్యాసం ఒకటి తీసి చూడండి.

మౌలాలి నర్సు:
నిజమే టీచర్ గారూ. కానీ రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా వార్డులో ఉంటాను. పత్రికలు చదువుతూ పదాలు ఏరుకునే తీరిక నాకు లేదు. జాబితా అయితే బస్సులో నిలబడి కూడా చదవగలను.

తార్నాక టీచర్:
అయితే వార్డులోనే మొదలుపెట్టండి. మీరు రోజూ వాడే ‘అసెస్’, ‘మానిటర్’, ‘రికవర్’ మూడూ ఆ 570లో ఉన్నాయి. వాటికి మీరు అర్థం వెతుక్కోనక్కరలేదు. వాటిని ఆసుపత్రి గేటు దాటించండి. నగరంలో గాలి నాణ్యతను ఎవరు ‘మానిటర్’ చేయాలి? కరువు తర్వాత పల్లె ఎలా ‘రికవర్’ అవుతుంది? ఒక్కో పదంతో రెండు వాక్యాలు, ‘రికవరీ’ అనే నామవాచకంతో ఇంకొకటి. రోజుకు ఐదు పదాలు చాలు. బస్సులో మీ సొంత వాక్యాలే చదువుకోండి.

చిక్కడపల్లి పాఠకుడు:
ఐదు చాలవని ఇప్పటికీ అంటాను. రీడింగ్‌లో 60 నిమిషాలకు 40 ప్రశ్నలు. తెలియని పదం దగ్గర ఆగిన ప్రతిసారీ సమయం కరిగిపోతుంది. లిజనింగ్‌లో స్పెల్లింగ్ తప్పితే జవాబే తప్పు. తెలుగును పలికినట్టే రాసి అలవాటైనవాళ్ళం. ‘అకామడేషన్’లో సి రెండు, ఎమ్ రెండు అని చెవి చెప్పదు, చేతితో పదిసార్లు రాయాల్సిందే. బట్టీని అంత చిన్నచూపు చూడకండి.

తార్నాక టీచర్:
స్పెల్లింగ్ విషయంలో మీ మాటే సరైనది. చదివి గుర్తుపట్టే పదాలు ఎన్ని ఉంటే అంత మేలన్నదీ నిజమే. కానీ ఈమె ఆగింది రీడింగ్‌లో కాదు, రైటింగ్‌లో.

మౌలాలి నర్సు:
ఇప్పుడే పాత అభ్యాస వ్యాసం తీశాను. 250 పదాల్లో ‘ప్రాబ్లమ్’ తొమ్మిదిసార్లు వచ్చింది, ప్రతిసారీ ముందు ‘బిగ్’ ఉంది. దిద్దినవాళ్ళు దాని కింద గీత కూడా గీయలేదు. ‘హెవీ ప్రాబ్లమ్’ అని రాయవచ్చా?

తార్నాక టీచర్:
వద్దు. ‘హెవీ’ వానకు, ట్రాఫిక్‌కు కుదురుతుంది. సమస్యకు ‘సీరియస్’ అనండి, అదీ ఒకటి రెండు చోట్లే. మిగతా చోట్ల అది నీటి కొరతా, నిరుద్యోగమా, దాని పేరే రాయండి. మొదటి పేరా మార్చి ఇక్కడ పెట్టండి, రేపు సాయంత్రం చూస్తాను.