నభోవీథి అంటే పాలపుంతేనా? (కల్లంతై / నల్లంతై)

ఉప్పుగాలి: సముద్రపు ఉప్పదనాన్ని ఉపగ్రహాలు ఎలా కొలుస్తాయో ఒక వ్యాసం రాస్తూ పాలపుంత దగ్గర ఆగిపోయాను. స్మోస్ (2009), అక్వేరియస్ (2011, అది 2015లో ఆగిపోయింది), స్మాప్ (2015) మూడూ 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర నీరు వెలువరించే తరంగాలను పట్టుకునేవే. ఉప్పదనాన్ని బట్టి వాటి బలం మారుతుంది. ఆ తరంగాల్లో పైనుంచి పడ్డవాటిని సగానికి పైగా సముద్రం తిరిగి పైకి పంపేస్తుంది. అందుకని సూర్యుడిదీ, చంద్రుడిదీ, పాలపుంతదీ వేర్వేరుగా లెక్కగట్టి తీసేయాలి. ఈ వరస చూడగానే పోతన వామనుడు నోటికొచ్చాడు: "నభోవీథిపై నంతై తోయదమండలాగ్రమున..." ఆ తర్వాత కల్లంతైనా, నల్లంతైనా? నభోవీథి పాలపుంతేనా?

గణవిభజన: కల్లంతై. అగ్రమునకున్ + అల్లంతై. మబ్బుల కొసకి ఇంకా అల్లంత దూరం అని. "నల్లంతై" అంటే మబ్బుల కొసనే ఆగిపోయినట్టు. ఎదుగుతున్నవాడు ఆగడం ఏమిటి?

పద్యప్రియ: అర్థం సరే, ఛందస్సు మాత్రం దీన్ని తేల్చదు. శార్దూలంలో యతి పదమూడో అక్షరం. ఇక్కడ అది "ల్లం". అల్ల + అంతై అని విడదీస్తే పాదం మొదటి "అంతై"లోని అకారంతో కుదిరింది. తగవు పన్నెండో అక్షరం మీద. క అయినా న అయినా గణం చెడదు.

పుంతగట్టు: నా మటుకు నభోవీథి పాలపుంతే. మా గోదావరి వైపు పుంత అంటే పొలాల మధ్య బండిదారి. వీథీ దారే, పుంతా దారే. పోతనగారు ఊరికే "వీథి" వేయరు.

గణవిభజన: అయితే పాలపుంత మబ్బుల కింద ఉందంటారా? పద్యంలో నభోవీథి దాటాకే కదా తోయదమండలం!

ఉప్పుగాలి: మరి ఆ వెంటనే "ప్రభారాశిపై నంతై" అన్నాడు కదా? ప్రభారాశి అంటే వెలుగుల కుప్ప, మబ్బుల పైనే ఉంది.

పద్యప్రియ: దాని తర్వాత చంద్రుడు వస్తున్నాడు చూడండి. భాగవతం అయిదో స్కంధం లెక్కలో చంద్రుడు సూర్యుడికి పైన. కాబట్టి ప్రభారాశి సూర్యుడే. ఆ వరసలో ఒక్క మాట అటూ ఇటూ కాలేదు, అదీ ఆయన చెయ్యి.

డొంకదారి: గుంటూరు వాళ్లం పుంతని డొంక అంటాం, అయినా పాలడొంక అనం! ఇంతకీ పాలపుంత ఎంత కలుస్తుందో చెప్పలేదు.

ఉప్పుగాలి: పాలపుంత నడుమ భాగం ప్రతిఫలించే చోట కొన్ని కెల్విన్లు (ఆ తరంగాల బలాన్ని ఉష్ణోగ్రత లెక్కలో చెబుతారు). వెచ్చని నీళ్లలో ఉప్పదనం ఒక యూనిట్ (కిలో నీటికి సుమారు గ్రాము ఉప్పు) మారితే వచ్చే తేడా అర కెల్విన్‌కి కాస్త అటూ ఇటూ. చల్లని నీళ్లలో ఇంకా తక్కువ. అక్వేరియస్ పెట్టుకున్న గురి నెలసరి సగటున 0.2 యూనిట్లు. వానల తర్వాత మన బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఉప్పదనం 30కి దిగువకు పడిపోతుంది, కాబట్టి అక్కడ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నడి సముద్రంలో అలా కాదు. పాలపుంతని తప్పుగా తీసేస్తే లేని వాన కురిసినట్టు లెక్క వస్తుంది. ఇంకో సంగతి: 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ప్రసారం చేయకూడదు. ఆకాశంలోని హైడ్రోజన్ 1420 దగ్గర పలుకుతుందని రేడియో ఖగోళజ్ఞులకి ఆ పట్టీ కేటాయించారు. ఆకాశం నుంచి వాళ్లకి కావలసిందే ఉప్పు కొలిచేవాళ్లకి అడ్డమైంది.

పుంతగట్టు: దాన్ని "ప్రతిఫలనం" అని రాయకండి. తళుకు అనండి. పున్నమినాడు రాజమండ్రి రేవులో నీళ్లు నిలకడగా ఉంటే చంద్రుడు గుండ్రంగానే కనిపిస్తాడు. గాలి లేస్తే ఒడ్డు దాకా సాగిపోతాడు. అదీ తళుకంటే.

ఉప్పుగాలి: అసలు కష్టం ఆ సాగడంలోనే ఉందండీ. ఏ క్షణాన ఏ ఆకాశపు ముక్క ఏ నీటిమీద పడుతుందో ఖగోళజ్ఞుల పటాలు చూసి చెప్పొచ్చు. గాలికి లేచిన అలలు దాన్ని ఎంత చెదరగొడతాయన్నదే సూత్రానికి సరిగ్గా లొంగలేదు. స్మాప్ యాంటెన్నా గుండ్రంగా తిరుగుతూ ఒకే చోటుని ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూస్తుంది. ఉప్పు మారదు, ప్రతిఫలించే ఆకాశం మారుతుంది. ఆ రెండింటి తేడా నుంచి తళుకుని రాబట్టి, అక్వేరియస్ లెక్కల్ని కూడా సవరించారు. ఎంత చక్కటి ఉపాయమో!

పద్యప్రియ: తళుకు క్షణంలో పోయేదానికి కదా? ఇది ఎప్పుడు ఎక్కడ పడుతుందో పటాలు చూసి చెప్పొచ్చంటున్నారు. నిగ్గు అనొచ్చేమో.

పుంతగట్టు: నిగ్గు వస్తువు సొంతం, తళుకు ఎరువు తెచ్చుకున్నది. సముద్రానికిది సొంతం కాదనేగా తీసేస్తున్నారు!

గణవిభజన: "నల్లంతై" అని అచ్చులో చూసినవాళ్లెవరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి. నోటి పాఠాల మీద నేను వాదించను.